కడప బస్సుకు మిట్టమధ్యాహ్నమే చార్జింగ్ పెట్టాలి

మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు కడప ఏడు రోడ్ల కూడలి దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆటోలు వేపచెట్ల కింద చేరతాయి, డ్రైవర్లు వెనక సీట్లలో కునుకు తీస్తుంటారు. అదే గంటకు మైలవరం వైపు, నంబులపూలకుంట–గాలివీడు వైపు, ఓర్వకల్లు దగ్గరి గని–శకునాల వైపు సోలార్ పలకలు నిండు జోరు మీద ఉంటాయి. బస్సెక్కే జనం తగ్గే గంటా, కరెంటు పొంగే గంటా మన సీమలో ఒకటే. ఎలక్ట్రిక్ బస్సుల గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని ఆమోదించింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు 10,000 ఎలక్ట్రిక్ బస్సులు, పదేళ్లపాటు నడపడానికి సాయం. ఆంధ్రప్రదేశ్ కేటాయింపుల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. అప్పటి నుంచి ఎక్కడ మాట వచ్చినా అందరూ అడిగేది ఒకటే: ఒకసారి చార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు పోతుంది? డిపోకు ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. డిపో అడగాల్సింది, ఏ గంటకు చార్జింగ్ పెట్టాలి అని. దానికి జవాబు తేలితే బ్యాటరీ ఎంతుండాలో, ట్రాన్స్‌ఫార్మరు ఎంతుండాలో, డ్యూటీ చార్టు ఎలా ఉండాలో వరుసగా తేలిపోతాయి.

మిగతా ఇంధనాల మాట

ఎలక్ట్రిక్ తప్ప దారి లేదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే.

సీఎన్‌జీని తీసిపారేయడానికి లేదు. ఢిల్లీలో బస్సులన్నిటినీ గ్యాస్‌కు మార్చాలని సుప్రీంకోర్టు 1998 జులైలో ఆదేశించింది. 2002 చివరికల్లా అది పూర్తయింది, రోడ్ల మీద నల్లపొగ తగ్గింది. అయితే సీఎన్‌జీ డిపో బాగా నడవాలంటే గేటు దాకా గొట్టం రావాలి. గొట్టం రాకపోతే గ్యాస్‌ను సిలిండర్ల లారీల మీదో, ద్రవరూపంలో ట్యాంకరు మీదో తెచ్చుకోవాలి. సిలిండర్ల లారీ నుంచి బస్సులోకి ఎక్కించేకొద్దీ లారీలో ఒత్తిడి పడిపోతుంది. మొదటి బస్సుకు 200 బార్ అందితే పదో బస్సుకు అందదు, మధ్యలో బూస్టరు కంప్రెసరు ఉండాల్సిందే. పైగా వేగంగా నింపితే సిలిండరులో గ్యాస్ వేడెక్కుతుంది. మీటరు 200 చూపించినా, గ్యాస్ చల్లారాక ముల్లు కిందికి దిగిపోతుంది. ఎండాకాలంలో డ్రైవరుకు "నిండా పట్టించినా సాయంత్రానికే అయిపోయింది" అనిపించడానికి కారణం ఇదే. మీథేన్ గాలి కన్నా తేలిక కాబట్టి పైకి పోతుంది. అందుకే గ్యారేజీ కప్పుకు గాలిదారులు తెరవాలి, కప్పు కింది లైట్లను నిప్పురవ్వ రాని రకానికి మార్చాలి. మూడేళ్లకోసారి ప్రతి సిలిండరునూ దించి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఇంతా చేస్తే 9 మీటర్ల బస్సు కిలోకు నాలుగు కిలోమీటర్ల దగ్గర నడుస్తుంది. కిలో 90 రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు 22 రూపాయల పైమాటే. డీజిల్ మీద మిగిలేది పెద్దగా ఏమీ లేదు.

హైబ్రిడ్ సంగతి చూద్దాం. పది టన్నుల బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాని కదలికలోని శక్తి 0.17 యూనిట్లు. మామూలు బస్సులో అదంతా బ్రేకు డ్రమ్ముల వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో మోటారు దాన్ని పట్టి సగానికి పైగా బ్యాటరీలో వేస్తుంది. ప్రతి అర కిలోమీటరుకూ ఆగే సిటీ బస్సుకు ఈ ఆదా నిజమైనదే. ముంబైలో బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ కోసం 2018లో పాతిక హైబ్రిడ్ బస్సులు దింపారు. కడపలాంటి డిపోకు మాత్రం నేను హైబ్రిడ్ వద్దంటాను. డీజిల్ ఇంజను, దాని బీఎస్-6 పొగశుద్ధి సామగ్రి, పొగను శుద్ధిచేసే యూరియా ద్రవం యాడ్‌బ్లూ ట్యాంకు అన్నీ అలాగే ఉంటాయి, వాటిపైన మోటారు, ఇన్వర్టరు, బ్యాటరీ వచ్చి చేరతాయి. ఒకే బస్సుకు రెండు రకాల మెకానిక్‌లు, రెండు రకాల విడిభాగాలు. పొగ ఫిల్టరు తనలోని మసిని కాల్చుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. గంటకు 18 కిలోమీటర్ల సగటుతో ఆగుతూ సాగే బండిలో, అందులోనూ ఇంజను మాటిమాటికీ ఆరిపోయే హైబ్రిడ్‌లో ఆ వేడి రాదు, ఫిల్టరు పూడిపోతుంది. యాడ్‌బ్లూ 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలవుంటే 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే నిలుస్తుంది. మన స్టోరు గదులు ఏ నెలలో 35 దాటుతాయో చెప్పనక్కర లేదు.

బయోడీజిల్ మన నేలకు దగ్గరి మాట. కానుగ చెట్టు రాయలసీమలో చేను గట్టున తనంతట తనే పెరుగుతుంది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతోనే నడిపి చూపించారు, అనంతపురం జిల్లా వాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ ముక్క. కానీ 20 శాతం కలిపితే పాత ట్యాంకుల్లోని మడ్డి కరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి, నిలవుంచితే నూనె తేమ పట్టి పాడవుతుంది. ఐదు శాతం దాకా కలిపి ఉన్న డీజిల్ బస్సులను నడుపుకోవచ్చు. కొత్త బస్సులకు దాన్నే ఆధారం చేసుకోలేం.

హైడ్రోజన్‌కు ఒక లెక్క చాలు. 100 కిలోమీటర్లకు పెద్ద బస్సు దాదాపు 8 కిలోలు తాగుతుంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైన కరెంటు కావాలి, అంటే 400 యూనిట్లు. అదే కరెంటును నేరుగా బ్యాటరీలో పోస్తే ఆ బస్సు మూడింతల దూరం పోతుంది.

బొగ్గు లెక్క దాచకూడదు

ఎలక్ట్రిక్ బస్సుకు పొగగొట్టం లేదు కాబట్టి కాలుష్యమే లేదని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. 9 మీటర్ల ఏసీ బస్సు కదలడానికి కిలోమీటరుకు 0.75 యూనిట్లు తీసుకుంటుంది. ఏసీ సగటున 6 కిలోవాట్లు లాగుతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే, ఆరును పద్దెనిమిదితో భాగిస్తే, ఏసీ వాటా మరో 0.33. మొత్తం 1.1 దగ్గర. చార్జర్‌లో పోయే ఎనిమిది శాతం కలిపితే మీటరు దగ్గర 1.2 యూనిట్లు. దేశపు గ్రిడ్ సగటున యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే కిలోమీటరుకు 0.84 కిలోలు. అదే సైజు డీజిల్ ఏసీ బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు పోతుందనుకుందాం. లీటరుకు 2.68 కిలోల చొప్పున 0.67. ముడిచమురు తవ్వకం, శుద్ధి, రవాణా కలుపుకుంటే 0.8. రెండూ రమారమి సమానం!

ఊళ్లో పొగ పోవడం చిన్న లాభం కాదు. బస్టాండు చుట్టూ అంగళ్లలో పొద్దంతా కూర్చునేవాళ్లకు, రిమ్స్ గేటు దగ్గర నిలబడే రోగులకు ఆ తేడా ఊపిరితిత్తుల్లోనే తెలుస్తుంది. కానీ వాతావరణం పేరు చెప్పి బస్సు కొంటే ఆ లెక్క కూడా తేలాలి. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా చార్జింగ్ పెట్టిన బస్సు చాలావరకు బొగ్గు మీదే నడుస్తుంది, ముద్దనూరు దగ్గరి బొగ్గు విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ పొగగొట్టాలు మనకు తెలియనివి కావు. గ్రిడ్‌లో కరెంటు అంతా కలిసే ఉంటుంది, ఏ యూనిట్ ఎక్కడిదో విడదీయలేం, నిజమే. అయినా మధ్యాహ్నం అదనంగా వాడిన యూనిట్ సోలార్‌కు గిరాకీ పెంచుతుంది, రాత్రి అదనంగా వాడిన యూనిట్ బాయిలర్‌లో బొగ్గు పెంచుతుంది. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సోలార్ గంటల్లో టారిఫ్ మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నది ఇందుకే. ఆ రాయితీ బస్సు డిపోల మీటర్లకు కూడా పూర్తిగా అందేలా రవాణా శాఖ గట్టిగా అడగాలి.

డబ్బు సంగతి ఎలాగూ ఎలక్ట్రిక్ వైపే ఉంది. యూనిట్ 7 రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు 8 రూపాయల 40 పైసలు. డీజిల్ లీటరు 97 అనుకుంటే ఏసీ బస్సుకు కిలోమీటరుకు 24.

ఒక డిపో లెక్క

యాభై బస్సులు, ఒక్కోటి రోజుకు 180 కిలోమీటర్లు అనుకుందాం. మీటరు దగ్గర బస్సుకు 216 యూనిట్లు, డిపోకు 10,800 యూనిట్లు. అంతా రాత్రి ఆరు గంటల్లోనే ఎక్కించాలంటే సగటున 1,800 కిలోవాట్లు, అంటే 1,900 కేవీఏ (లైను మోయాల్సిన మొత్తం భారపు కొలత) చుట్టూ. ఇక్కడే మెలిక ఉంది. మన రాష్ట్రంలో 1,500 కేవీఏ దాకా 11 కేవీ లైను మీద ఇస్తారు. అది దాటితే 33 కేవీ కావాలి. అంటే వేరే లైను, వేరే బ్రేకర్లు, వేరే స్థలం, సబ్‌స్టేషన్ నుంచి డిపో దాకా స్తంభాలు నాటడానికి అనుమతులు. బస్సులు వచ్చి నిలబడినా కరెంటు రాక ఆగిపోయే పరిస్థితి ఇలాంటి చోటే పుడుతుంది.

అదే పనిని రెండుగా విడగొడితే, పగలు పదిన్నర నుంచి మూడున్నర దాకా ఐదు గంటల్లో 5,000 యూనిట్లు, రాత్రి ఆరు గంటల్లో మిగతా 5,800. రెండు పూటలా సగటు 1,000 కిలోవాట్లు దాటదు. గ్యారేజీ మోటార్లు, వాషింగ్, ఆఫీసు అన్నీ కలిపినా 1,300 కేవీఏ లోపే. 11 కేవీ చాలు. ఈ ఒక్క మార్పుతో నెలల ఆలస్యం తప్పుతుంది.

120 కిలోవాట్ల రెండు గన్‌ల (బస్సుకు తగిలించే చార్జింగ్ పిడి) చార్జర్లు పది పెడితే 20 గన్‌లు. ఒక్కో గన్ 60 కిలోవాట్లు. బస్సుకు మధ్యాహ్నం సగటున 100 యూనిట్లు, గంటా నలభై నిమిషాలు. యాభై బస్సులను 17, 17, 16గా మూడు జట్లు చేయాలి. మొదటి జట్టు 10:30కు షెడ్డులోకి, రెండోది 12:10కి, మూడోది 1:50కి. ఎప్పుడు చూసినా మూడింట రెండొంతుల బస్సులు రోడ్డు మీదే ఉంటాయి. ఒక చార్జరు మొరాయించినా 18 గన్‌లు మిగులుతాయి, జట్టు ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్లు 1,600 కేవీఏది ఒకటి కాకుండా 1,000 కేవీఏవి రెండు పెట్టాలి.  కడప మే నెల ఎండకు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానిమీద నిండు భారం వేయకూడదు. రెండుంటే ఒకటి కాలిపోయినా సగం సర్వీసులు తిరుగుతాయి.

డ్యూటీల గొడవ వస్తుందని కొందరి భయం. నిజానికి మధ్యాహ్నం ఎలాగూ పొద్దుటి డ్రైవరు దిగి సాయంత్రం డ్రైవరు ఎక్కుతాడు. ఆ మార్పిడి బస్టాండులో కాకుండా చార్జింగ్ షెడ్డులో జరగాలి, అంతే. మొదటి జట్టు బస్సులకు అది పొద్దుటివాళ్ల భోజనం వేళ, రెండో జట్టుకు డ్యూటీ మారే వేళ, మూడో జట్టుకు సాయంత్రంవాళ్లు కాస్త ఆలస్యంగా ఎక్కే వేళ. స్ప్లిట్ డ్యూటీ వేసి మధ్యలో నాలుగు గంటలు మనిషిని ఖాళీగా కూర్చోబెట్టే చార్టు మాత్రం వేయొద్దు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా 12 గంటలు దాటకూడదని, ఐదు గంటల పనికి అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. షెడ్డు పక్కనే ఫ్యాన్లు, చల్లని నీళ్లు, మంచాలున్న గది కట్టాలి. చార్జర్ల గదికి ఏసీ పెట్టి డ్రైవర్లను రేకుల కింద కూర్చోబెట్టే డిపో ఎన్నాళ్లో సాగదు.

బ్యాటరీ ఎంత పెద్దదైతే అంత మంచిదా

కాదు. ఒక్క రాత్రి చార్జింగ్‌తోనే 180 కిలోమీటర్లు నడవాలంటే బ్యాటరీ నుంచి 198 యూనిట్లు రావాలి. ఆయుష్షు కోసం 90 నుంచి 10 శాతం మధ్యలోనే వాడతాం, అంటే 80 శాతం. ఏళ్లు గడిచాక బ్యాటరీ కొత్తదాంట్లో 80 శాతానికి దిగుతుంది. 198ని రెండుసార్లు 0.8తో భాగిస్తే 310 యూనిట్ల బ్యాటరీ కావాలి. మధ్యాహ్నం చార్జింగ్ ఉంటే రెండు చార్జింగుల మధ్య అతి పొడవైన పరుగు 120 కిలోమీటర్లు, 132 యూనిట్లు. అదే లెక్కన 206 యూనిట్ల బ్యాటరీ సరిపోతుంది. వంద యూనిట్ల తేడా అంటే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో 700 కిలోల బరువు, పదిమంది మనుషులు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి మొదలైన దగ్గర్నుంచి ఆర్డినరీ బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఆ పదిమంది స్థానంలో రోజంతా బ్యాటరీని మోసుకు తిరగడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రకం విషయంలో ఎల్‌ఎఫ్‌పీనే అడగాలి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) తేలికే, కానీ మన ఎండకు ఎల్‌ఎఫ్‌పీ ఎక్కువ ఓర్చుకుంటుంది, అదుపు తప్పి మండే ఉష్ణోగ్రత కూడా దానికే ఎక్కువ.

ఎండలో చార్జింగ్ ప్రమాదం కదా

నా వాదనకు ఎదురుగా నిలిచే బలమైన మాట ఇదే, దీన్ని తేలిగ్గా దాటేయకూడదు. బ్యాటరీ గుళికలకు (సెల్స్‌కు) హాయిగా ఉండేది 25 నుంచి 35 డిగ్రీలు. 45 దాటితే బస్సులో బ్యాటరీని కాచుకునే కంప్యూటరు, బీఎంఎస్, తనే కరెంటును తగ్గించేస్తుంది. గంటా నలభై నిమిషాల పని మూడు గంటలవుతుంది, జట్ల వరుసంతా చెదిరిపోతుంది. అదే వేడిలో రోజూ చార్జింగ్ పెడితే ఆయుష్షు తరుగుతుంది.

దీనికి మందులు మూడు. మొదటిది వేగం. 206 యూనిట్ల బ్యాటరీకి 60 కిలోవాట్లు అంటే సామర్థ్యంలో మూడో వంతు కూడా కాదు. అదే 240 కిలోవాట్లతో పెడితే కరెంటు నాలుగింతలు, లోపల పుట్టే వేడి దాని వర్గం చొప్పున పదహారింతలు. సమయం నాలుగో వంతుకు తగ్గినా, ఒక చార్జింగ్‌కు పుట్టే మొత్తం వేడి నాలుగింతలు. అందుకే మన ఊరికి పెద్ద ఫాస్ట్ చార్జర్లు కొనడం గొప్ప పనేమీ కాదు. రెండోది చిల్లరు, అంటే బ్యాటరీని చల్లబరిచే యంత్రం. ఇంత బ్యాటరీ బరువు దాదాపు టన్నున్నర. దాన్ని పది డిగ్రీలు చల్లబరచడానికి చిల్లరు తినేది రెండు యూనిట్లు, పదిహేను రూపాయలు కూడా కాదు. గన్ తగిలించిన వెంటనే చిల్లరు తిరగాలి, మొదటి పది నిమిషాలు సగం వేగంతో పోవాలి, తర్వాత నిండు వేగం. ఇలా పనిచేసేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలని టెండరులోనే రాయాలి. మూడోది నీడ. తారు నేల మీద నేరుగా ఎండలో నిలబెట్టిన బస్సుకు పైనుంచీ కిందనుంచీ వేడే. ఆరు మీటర్ల ఎత్తున, రెండు వైపులా తెరిచిన షెడ్డు కావాలి.

ఆ షెడ్డు పైన సోలార్ పలకలు వేస్తే రేకుకూ పలకకూ మధ్య గాలి ఆడి కింద మరింత చల్లగా ఉంటుంది. యాభై బస్సులకు 2,400 చదరపు మీటర్ల కప్పు, దాని మీద 400 కిలోవాట్లు, మన సీమ ఎండకు రోజుకు 1,700 యూనిట్లు. డిపో అవసరంలో ఆరో వంతు. డిపో మొత్తం సొంత సోలార్ మీద నడుస్తుందని ప్రకటనలిస్తే నమ్మొద్దు, అయినా నీడ కోసమే ఆ పలకలు వేయొచ్చు. నేలకు కాంక్రీటే వేయాలి. మన నాపరాయి ఇంటికి బంగారం, బస్సు ఇరుసు కింద పగులుతుంది.

షెడ్డులో ఏం చెడిపోతుంది

పెద్ద బ్యాటరీ నిండుగా ఉండి బస్సు స్టార్ట్ కాకపోతే ముందు చూడాల్సింది 24 వోల్టుల చిన్న బ్యాటరీని. పెద్ద బ్యాటరీని బస్సుకు కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు) మూసుకోవాలన్నా, బీఎంఎస్ మేలుకోవాలన్నా దాని కరెంటే కావాలి. రాత్రి లైట్లు గానీ, టికెట్ మిషను చార్జరు గానీ ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి అది పడిపోతుంది. వారానికోసారి వోల్టేజి చూసి రాసిపెట్టాలి.

దుమ్ము రెండో శత్రువు. నాపరాయి లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్లలో చిల్లరు కండెన్సరు రెక్కలు పది రోజుల్లో పూడిపోతాయి. వారానికోసారి లోపలి నుంచి బయటికి, 5 బార్ లోపు గాలితో ఊదాలి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి, కనెక్టర్లలోకి నీళ్లు పోతాయి. అలా నీళ్లు పోయిన బస్సు మరునాడు ఇన్సులేషన్ లోపం చూపించి ఆగుతుంది. 600 వోల్టుల బస్సుకు డీసీ వైపు నిబంధన వోల్టుకు 100 ఓమ్‌లు, అంటే 60,000 ఓమ్‌లు. అంతకు దిగేదాకా ఆగకూడదు. నెలనెలా కొలిచి రాస్తుంటే ఏ బస్సు విలువ జారుతోందో వానాకాలానికి ముందే దొరుకుతుంది.

ఎర్తింగ్ సంగతి మన నేలకు ప్రత్యేకం. రాతి నేల, ఎండిన మట్టి. ఆగస్టులో కొలిస్తే బాగున్న ఎర్త్ పిట్ మే నెలలో నాలుగింతలు చూపొచ్చు. ఎర్తింగ్ బాగా లేకపోతే గన్ తగిలించాక బస్సుకూ చార్జరుకూ మాట కలవదు, చార్జింగ్ మొదలై ఆగిపోతుంటుంది. మెకానిక్ బస్సులో తప్పు వెతుకుతుంటాడు, తప్పు నేలలో ఉంటుంది. పిట్‌లను తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టితో నింపి, ఎండాకాలం నీళ్లు పోసి, మే నెలలోనే కొలిచి ఒప్పుకోవాలి.

ఎల్‌ఎఫ్‌పీకి ఒక గుణం ఉంది. దాని వోల్టేజి మధ్యలో చదునుగా ఉంటుంది కాబట్టి, రోజూ సగం సగం చార్జింగ్ పెడితే బీఎంఎస్ లెక్క తప్పుతుంది. బోర్డు 25 శాతం చూపిస్తుండగానే రోడ్డు మధ్యలో బస్సు ఆగడానికి ఇదో కారణం. విరుగుడుగా వారానికొక రాత్రి ప్రతి బస్సునూ 100 శాతం దాకా నెమ్మదిగా ఎక్కించి, గుళికలు సమానమయ్యేదాకా గన్ తీయకుండా ఉంచాలి. రాత్రికి ఏడెనిమిది బస్సుల చొప్పున వంతు వేసుకుంటే సరిపోతుంది.

కొండదారుల్లో మాత్రం ఆ 100 శాతమే చేటు. 2022 సెప్టెంబరు నుంచి తిరుపతి–తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగుడులో మోటారే బ్రేకు పనిచేసి కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. రేపు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌కు బస్సులు వేస్తే, పైనుంచి దిగే బస్సు 85 శాతం దాటకుండా చూసుకోవాలి.

పనిచేసేవాళ్ల క్షేమం మీద బేరం లేదు. 1,000 వోల్టుల రబ్బరు చేతి తొడుగులు, ఆరు నెలలకోసారి వాటి పరీక్ష. పెద్ద బ్యాటరీ కరెంటును తెగ్గొట్టే సర్వీసు ప్లగ్ పీకాక పది నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే నారింజ రంగు హై వోల్టేజి తీగ ముట్టుకోవాలి. బ్యాటరీ మీద అనుమానం వచ్చిన బస్సును మిగతావాటికి 15 మీటర్ల దూరంలో విడిగా నిలిపే చోటు డిపో ప్లానులోనే గీయాలి.

కాగితం మీద ఏం రాయాలి

ఈ బస్సులు ఎక్కువగా కిలోమీటరుకు ఇంత అని చెల్లించే ఒప్పందాల మీద వస్తాయి. బస్సూ డ్రైవరూ నిర్వాహకుడివి, కండక్టరూ టికెట్ డబ్బూ ఆర్టీసీవి. ఇలాంటి ఒప్పందంలో కరెంటు బిల్లు ఆర్టీసీ కడితే నిర్వాహకుడికి ఆదా చేయాలన్న పట్టు ఉండదు. కిలోమీటరుకు ఇన్ని యూనిట్లు అని హద్దు పెట్టి, దాటినదాన్ని అతని బిల్లులో కోయాలి. ఆ హద్దు ఏడాది సగటుగా కాకుండా ఎండాకాలానికి ఒకటి, మిగతా నెలలకు ఒకటి ఉండాలి, లేకపోతే నిర్వాహకుడు ఏప్రిల్‌లో ఏసీ తగ్గించి లెక్క సరిచేసుకుంటాడు. రోజు మొత్తం యూనిట్లలో కనీసం 45 శాతం పదిన్నర–మూడున్నర మధ్య ఎక్కాలని, దానికి చార్జర్ల మీటర్లే సాక్ష్యమని రాయాలి. ఏడాదికోసారి ప్రతి బ్యాటరీ మిగులు సామర్థ్యాన్ని నిండా ఎక్కించి, దించి కొలవాలి. బోర్డు మీది అంకెను ఒప్పుకోకూడదు.

డిపో చోటు ఎంచేటప్పుడు ఊళ్లోంచి పారే బుగ్గవంక వాగును మరవొద్దు. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు దాని నీళ్లు కడప వీధుల్లోకి వచ్చాయి. ఆ నీటి మట్టం ఎక్కడి దాకా వచ్చిందో ఆ వీధుల వాళ్లు గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. చార్జర్ల దిమ్మెలు, ట్రాన్స్‌ఫార్మరు అరుగు ఆ గీతకు మీటరు పైన కట్టాలి. కేబుళ్ల కాలువలకు నీళ్లు బయటికి పోయే వాలు ఇవ్వాలి. ఈ కొలతలు ఇంజనీరింగ్ డ్రాయింగులోకి ఎక్కాకే బస్సుల ఆర్డరు మీద సంతకం పడాలి.